మేకు లేని ఓడలు: మార్కో పోలో చూసిందేమిటి, తుప్పు చేసిందేమిటి

2025 మే నెలలో కార్వార్‌లో భారత నౌకాదళంలోకి ఒక విచిత్రమైన ఓడ చేరింది. దానికి ఇంజిను లేదు. పలకల్ని పట్టి ఉంచే ఇనుప మేకులూ లేవు. చెక్క పలకల్ని కొబ్బరి పీచు తాడుతో కుట్టి తయారు చేశారు. అయిదో శతాబ్దపు అజంతా చిత్రంలో కనిపించే ఓడను నమూనాగా తీసుకుని కట్టిన ఈ తెరచాప ఓడకు ఐఎన్ఎస్‌వీ కౌండిన్య అని పేరు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరు చివర్లో అది పోర్‌బందర్ నుంచి మస్కట్ దిశగా బయలుదేరింది. దాంతో పాటే సోషల్ మీడియాలో ఒక చర్చా బయలుదేరింది. పాతకాలపు ఓడల్లో మేకులు ఎందుకు వాడలేదు? ఇనుము దొరక్కనా, ఉప్పునీటికి తుప్పు పడుతుందనా, సముద్రంలో అయస్కాంత కొండలు ఉంటాయన్న భయమా? ఢిల్లీలో తుప్పు పట్టని స్తంభం నిలబెట్టినవాళ్లు తుప్పు పట్టని మేకు చేయలేకపోయారా?

ఈ ప్రశ్నలు కొత్తవేమీ కావు. 13వ శతాబ్దంలో ఇదే సముద్రం మీద తిరిగిన వెనిస్ వర్తకుడు మార్కో పోలో కుట్టిన ఓడల్నీ, మేకులు కొట్టిన ఓడల్నీ రెండింటినీ వర్ణించాడు. ఆయన రాసిన దాన్ని ఇప్పుడు తుప్పు గురించి తెలిసిన రసాయన శాస్త్రం పక్కన పెట్టి చూస్తే చాలా చిక్కుముళ్లు విడిపోతాయి.

సంక్షిప్తంగా: ఉప్పునీటిలో ఇనుప మేకు తుప్పు పట్టడమే కాదు, చుట్టూ ఉన్న చెక్కనూ పాడు చేస్తుంది. అయినా అరేబియా సముద్రపు ఓడలు మేకులు లేకుండా సాగడానికి తుప్పు ఒక్కటే కారణం కాదు. ముడిసరుకు, మరమ్మతు సౌలభ్యం, తీరాల తీరు కూడా అందులో ఉన్నాయి. అదే కాలంలో చైనా ఓడలు ఇనుప మేకులతోనే తిరిగాయి. నీరు, గాలి తగలకుండా మేకును కప్పెట్టే పద్ధతి వాళ్ల దగ్గర ఉండేది.

## హోర్ముజ్ రేవులో వెనిస్ వర్తకుడు

మార్కో పోలో 1254లో పుట్టాడు. 1271లో తండ్రి నికోలోతో, తండ్రి సోదరుడు మాఫెయోతో కలిసి తూర్పు దేశాలకు బయలుదేరాడు. పర్షియా గుండా దిగి హోర్ముజ్ రేవు చేరారు. అక్కడ ఓడ ఎక్కితే భారత తీరం మీదుగా చైనా వెళ్లిపోవచ్చు. కానీ వాళ్లు ఓడ ఎక్కలేదు. కిర్మాన్ వైపు వెనక్కి తిరిగి, పామీర్ పర్వతాలు దాటి, ఏళ్ల తరబడి నేల మార్గాన నడిచి, చైనాను ఏలుతున్న మంగోల్ చక్రవర్తి కుబ్లై ఖాన్ కొలువుకు చేరారు. ఎందుకు తిరిగిపోయారో పుస్తకంలో నేరుగా చెప్పలేదు. హోర్ముజ్ ఓడల గురించి రాసిన భాగం చదివితే మాత్రం ఒక ఊహకు రావచ్చు.

ఆ ఓడలు నాసిరకం అంటాడు మార్కో. చాలా మునిగిపోతాయట. ఇనుప బిగింపులు లేవు. కొబ్బరి డొక్కను గుర్రపు వెంట్రుకల్లా అయ్యేదాకా కొట్టి, దాంతో తాడు పేని, పలకలు కుడతారు. తారు పూయరు, చేప నూనె రుద్దుతారు. తెరచాప కట్టే కొయ్య ఒకటే, ఒకటే తెరచాప, ఒకటే చుక్కాని. పైతట్టు, అంటే ఓడ మీద పలకల కప్పు, ఉండదు. సరుకు మీద తోళ్లు కప్పి, ఆ తోళ్ల మీద భారతదేశంలో అమ్మే గుర్రాల్ని నిలబెడతారు. ఇంత తిట్టినవాడే మధ్యలో ఒక మాట ఒప్పుకున్నాడు: ఆ తాడు గట్టిగా మన్నుతుంది, సముద్రపు నీరు దాన్ని తినదు. తుపానుకు మాత్రం తట్టుకోదు.

నీరు తాడును తినదని ప్రత్యేకంగా చెప్పాడంటే, నీరు తినేసేది మరొకటి ఆయన మనసులో ఉందనుకోవాలి. వెనిస్ ఓడలు కట్టే ఊరు. అక్కడ పలకలకు ఇనుప మేకులు కొట్టి, పైన తారు దట్టంగా పూసేవారు. మార్కో కొలబద్ద అదే. మధ్యధరా సముద్రపు పద్ధతికి భిన్నంగా కనిపించిందల్లా ఆయనకు లోపంగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

మేకులు ఎందుకు లేవన్న దానికి ఆయన పుస్తకం ప్రతుల్లో రెండు వేర్వేరు జవాబులున్నాయి. ఒకచోట, మేకులు చేయడానికి ఇనుము లేదని ఉంటుంది. తర్వాతి కాలపు ఇటాలియన్ ముద్రణలో, అక్కడి కలప కుండపెంకులా పెళుసు కాబట్టి మేకు కొడితే చీలిపోతుందని ఉంటుంది. మొదటి జవాబు ఆయన పుస్తకంలోనే నిలవదు. హోర్ముజ్‌కు వచ్చే ముందు వర్ణించిన కిర్మాన్‌లో ఉక్కు పుష్కలంగా దొరుకుతుందనీ, కత్తులు, కళ్లేలు అక్కడ బ్రహ్మాండంగా చేస్తారనీ ఆయనే రాశాడు. కత్తులకు సరిపోయిన ఇనుము మేకులకు చాలదంటే నమ్మడం కష్టం.

## మేకు లోపల జరిగేది

తుప్పు పట్టడం అంటే ఇనుము మళ్లీ ఖనిజంగా మారిపోవడం. భూమిలో ఇనుము ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసిన రూపంలోనే ఉంటుంది. కొలిమిలో బొగ్గు వేసి, విపరీతమైన వేడి ఖర్చుపెట్టి ఆక్సిజన్‌ను విడదీస్తేనే లోహం వస్తుంది. తేమ, గాలి కలిసి దొరికిన మరుక్షణం అది పాత స్థితికి పోవడానికి చూస్తుంది. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఈ పని మామూలుగా సాగదు. పూర్తిగా పొడిగా ఉన్న గాలిలో ఇనుము ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మరగబెట్టి గాలి తీసేసిన నీటిలో ముంచి మూత బిగిస్తే కూడా దాదాపు అంతే.

జరిగే పని ఒకే చోట జరగదు. ఇదే చాలామందికి తెలియని విషయం. తడి ఇనుము మీద ఒక చోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలేసి నీటిలోకి జారుకుంటాయి. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే ఇంకో చోటికి పోయి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌కు అందుతాయి. మొదటి చోటును ఆనోడ్ అనీ, రెండో చోటును కాథోడ్ అనీ అంటారు. అంటే బ్యాటరీకి ఉండే రెండు కొసలూ ఒకే మేకు మీద ఉంటాయన్న మాట. నీటిలోకి వచ్చిన ఇనుము ఆక్సిజన్‌తో, నీటితో మళ్లీ కలిసి ఎర్రటి పొడిగా పేరుకుంటుంది. కంటికి కనిపించే తుప్పు ఇదే. లోహం పోయిన చోటు, తుప్పు పేరుకున్న చోటు ఒకటే కానక్కర్లేదు.

ఉప్పు పాత్ర గురించి కూడా పొరపాటు అభిప్రాయం ఉంది. ఉప్పు ఇనుమును నేరుగా తినదు. అది రెండు పనులు చేస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కాబట్టి, ఆనోడ్ కాథోడ్‌లు దూరంగా ఉన్నా వాటి మధ్య సర్క్యూట్ తేలిగ్గా పూర్తవుతుంది. ఇక ఉప్పులోని క్లోరైడ్, ఇనుము మీద సహజంగా ఏర్పడే పలుచని రక్షణ పొరకు చిల్లులు పొడుస్తుంది. మామూలు సముద్రపు నీటిలో లవణాలు సుమారు 3.5 శాతం. పర్షియన్ సింధుశాఖలో ఎండకు నీరు ఎక్కువగా ఆవిరై అది 4 శాతం దాకా ఉంటుంది. హోర్ముజ్ ఆ సింధుశాఖ గుమ్మంలో ఉంది. వేసవిలో అక్కడి నీటి వేడి 30 డిగ్రీలు దాటుతుంది.

ఇప్పుడు ఓడ పలకలోకి దిగిన మేకును దగ్గరగా చూడాలి. మేకు తల బయట నీటికి తగులుతూ ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ బాగా అందుతుంది. కాండం చెక్క లోపల, నీరు నానిన ఇరుకులో ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ. ఆక్సిజన్ ఎక్కువ ఉన్న తల కాథోడ్ అవుతుంది, తక్కువ ఉన్న కాండం ఆనోడ్ అవుతుంది. కాబట్టి కరిగిపోయేది లోపలి భాగం. పైనుంచి చూస్తే తల బాగానే ఉంటుంది, సుత్తితో తడితే ఊడి చేతికొస్తుంది. నడుము ఎప్పుడో సన్నబడిపోయి ఉంటుంది. పాత చెక్క ఓడల మరమ్మతులు చేసేవాళ్లు దీన్ని ఒక జబ్బులాగే చూస్తారు.

మేకుతో పాటు చెక్కా దెబ్బతింటుంది. తల దగ్గర క్షారం తయారై చెక్క పీచుల్ని పట్టి ఉంచే పదార్థాన్ని వదులు చేస్తుంది. కాండం దగ్గర ఆమ్ల గుణం పెరిగి పీచునే కొరుకుతుంది. ఓక్ లాంటి చెక్కలో ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిస్తే మేకు చుట్టూ సిరా పోసినట్టు నల్లటి వలయం పడుతుంది. పాతకాలపు సిరా తయారీలో వాడింది కూడా ఈ రసాయన చర్యనే. తుప్పు, అది పుట్టిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి చెక్క చీలుతుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో పాత ఇళ్ల స్లాబు పెచ్చులూడి లోపలి చువ్వలు బయటపడటం వెనక ఉన్నదీ ఇదే ఒత్తిడి.

ఎంత వేగంగా జరుగుతుందన్నది లెక్క వేసి చూడొచ్చు. సముద్రపు నీటిలో మునిగి ఉన్న మామూలు ఉక్కు ఏడాదికి సుమారు 0.1 మిల్లీమీటరు మందం కోల్పోతుంది. 10 మిల్లీమీటర్ల మేకు ఇదే లెక్కన 20 ఏళ్లలో చుట్టూ 2 మిల్లీమీటర్లు అరిగి 6 మిల్లీమీటర్లకు వస్తుంది. వ్యాసం తగ్గింది 40 శాతమే అయినా, అడ్డుకోతలో మిగిలిన ఇనుము మొదటిదానిలో 36 శాతం. అంటే బలం మూడో వంతుకు పడిపోయింది. చెక్క లోపల ఈ వేగం కలపను బట్టి, తేమను బట్టి మారుతుంది. ఒకసారి తడిసి ఒకసారి ఆరే నీటిమట్టం దగ్గరైతే ఇంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

## అయితే తుప్పే కారణమా?

ఇక్కడ తొందరపడకూడదు. తుప్పు అంత పెద్ద అడ్డంకే అయితే, అదే ఉప్పునీటిలో మధ్యధరా ఓడలూ, ఉత్తర ఐరోపా వైకింగ్ ఓడలూ ఇనుప మేకులతో శతాబ్దాల పాటు ఎలా తిరిగాయన్న ప్రశ్న వస్తుంది. చుట్టుపక్కల ఉన్న మిగతా కారణాల్ని కూడా తూకం వేయాలి.

అయస్కాంత కొండల కథను ముందే పక్కన పెట్టొచ్చు. 11వ శతాబ్దపు భోజుడి పేరుతో ప్రచారంలో ఉన్న యుక్తికల్పతరువు అనే సంస్కృత గ్రంథంలో, సముద్రంలో తిరిగే ఓడకు ఇనుప బంధనం పనికిరాదనీ, అయస్కాంత శిలలు దాన్ని లాగేస్తాయనీ ఉంది. కానీ అంతకు 500 ఏళ్ల ముందే, ఆరో శతాబ్దపు బైజాంటైన్ చరిత్రకారుడు ప్రొకోపియస్ ఈ కథను ప్రస్తావించి కొట్టిపారేశాడు. ఎర్ర సముద్రంలో రోమన్ ఓడలు బోలెడంత ఇనుముతో తిరుగుతున్నాయి, వాటికేమీ కాలేదు కదా అన్నది ఆయన వాదన. అయితే అంతలోనే ఆయన కూడా ఒక పొరపాటు చేశాడు: భారతీయుల దగ్గర ఇనుము లేదు కాబట్టి ఓడలు కుడతారన్నాడు. ఒకటో శతాబ్దపు గ్రీకు వర్తక గ్రంథం పెరిప్లస్ చూస్తే, ఆఫ్రికా తీరానికి చేరే సరుకుల్లో భారతదేశపు ఇనుము, ఉక్కు ఉన్నాయి. ఇనుము ఎగుమతి చేసే దేశానికి మేకుల కరువేమిటి?

మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా 14వ శతాబ్దంలో చెప్పిన కారణం ఇంకొకటి. మేకులు కొట్టిన ఓడ రాయికి తగిలితే పగిలిపోతుంది. తాడుతో కుట్టింది కాస్త సాగుతుంది కాబట్టి ముక్కలవదు. ఇది తర్కానికి నిలిచే మాట. మేకు బిగిసిన చోట పలక కదలదు, దెబ్బంతా ఆ ఒక్క చోట పడుతుంది. కుట్టులో ఆ బలం పొడవునా పంచుకుపోతుంది. ఎర్ర సముద్రంలో నీటి కింద పగడపు దిబ్బలు ఎక్కువ. భారత తీరంలో చాలాచోట్ల రేవే లేదు, అలల మీద నుంచి పడవ నేరుగా ఇసుకలోకి ఎక్కాలి.

ఇక ముడిసరుకు సంగతి. ఖనిజం నుంచి ఇనుము తీయాలంటే కట్టెబొగ్గు కావాలి, బొగ్గుకు అడవి కావాలి. ఒమన్, పర్షియన్ సింధుశాఖ తీరాల్లో అడవులు లేవు. కలప మలబారు నుంచి, తాడు లక్షదీవులు, మాల్దీవుల నుంచి వచ్చేవి. పదో శతాబ్దపు వర్తకుల సమాచారం కూర్చిన అబూ జైద్ సిరాఫీ ఒక ముచ్చట రాశాడు. ఒమన్ వడ్రంగులు కొబ్బరి దీవులకు పోయి, చెట్లు కొట్టి పలకలు కోసి, పీచుతో తాడు పేని కుట్టి, కొబ్బరి మానునే కొయ్యగా నిలబెట్టి, ఆకులతో తెరచాప అల్లి, చివరికి ఆ ఓడ నిండా కొబ్బరికాయలు నింపుకుని ఇంటికి వచ్చేవాళ్లట. ఓడ, దాని సరుకు అంతా ఒకే చెట్టు. అలాంటి ఏర్పాటు ఉన్నప్పుడు మేకుల కోసం డబ్బు పెట్టాల్సిన అవసరం ఎవరికి?

కొబ్బరి పీచు ఉప్పునీటికి నిలవడానికీ కారణముంది. చెక్కకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అందులో 40 శాతానికి పైగా ఉంటుంది. పత్తిలో అది దాదాపు ఉండదు. అందుకే పీచు త్వరగా కుళ్లదు. తడిస్తే కాస్త ఉబ్బి కుట్టును ఇంకా బిగిస్తుంది. పలకల అంచుల వెంట ఎదురెదురుగా రంధ్రాలు చేస్తారు. అతుకు మీద పీచు మెత్త పరిచి, దాని మీదుగా తాడు లాగి కడతారు. రంధ్రాల్లో మిగిలిన సందును పీచుతో పూడ్చి నూనె పట్టిస్తారు. ఇండోనేసియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర 1998లో దొరికిన తొమ్మిదో శతాబ్దపు ఓడ శిథిలం ఈ పద్ధతికి మంచి సాక్ష్యం. అందులోని ఒక చైనా గిన్నె మీద ఉన్న తేదీ క్రీ.శ. 826కు సరిపోతుంది. పశ్చిమ హిందూ మహాసముద్రపు పద్ధతిలో కుట్టిన ఓడ, చైనా పింగాణీ నింపుకుని అంత దూరంలో మునిగింది. నాసిరకం అన్న మార్కో మాటను ఈ దూరంతో కలిపి చదవాలి. దాని నమూనాతో ఒమన్‌లో కట్టిన ‘జువెల్ ఆఫ్ మస్కట్’ 2010లో సింగపూర్ దాకా వెళ్లింది.

తాడుకు దాని ఇబ్బందులు దానికున్నాయి. ఎప్పటికప్పుడు విప్పి మళ్లీ కుట్టాలి. నీళ్లు ఊరుతూనే ఉంటాయి, తోడేవాళ్లు ఉండాలి. ఓడ పెద్దదయ్యే కొద్దీ కుట్టు మీద భారం పెరుగుతుంది. అయితే ఒక తేడా ఉంది. అరిగిన తాడు పైకి కనిపిస్తుంది. మార్చేస్తే పలక మళ్లీ పనికొస్తుంది. లోపల కరిగిన మేకు కనిపించదు, పైగా పలకను కూడా తనతో పాటు పాడు చేస్తుంది. ఈ వాదనలో తుప్పు అసలు బరువు ఇక్కడుంది.

## మరి ఢిల్లీ స్తంభం?

మెహరౌలీలోని ఇనుప స్తంభం గుప్తుల కాలం నాటిది. ఎత్తు సుమారు 7 మీటర్లు, బరువు 6 టన్నులకు పైగా. అన్నేళ్లయినా పెద్దగా తుప్పు పట్టలేదన్నది నిజమే. కారణం రహస్య మిశ్రమం కాదు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ శాతం ఎక్కువ. నాటి కొలిమిలో సున్నపురాయి వాడకపోవడంతో అది లోహంలోనే మిగిలిపోయింది. తడిసి ఆరే క్రమంలో ఆ ఫాస్ఫరస్ లోహం మీద ఒక పలుచని, గట్టి పొర ఏర్పడటానికి తోడ్పడిందని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం వివరించారు. ఏడాదిలో చాలా నెలలు పొడిగా ఉండే ఢిల్లీ గాలి కూడా కలిసొచ్చింది. అదే స్తంభం భూమిలో పాతుకున్న భాగానికి తుప్పు పట్టింది.

సముద్రం దగ్గర ఏమవుతుందో చూడటానికి కోణార్క్ వెళ్తే చాలు. 13వ శతాబ్దంలో, అంటే మార్కో పోలో కాలంలోనే, ఆ ఆలయానికి వాడిన భారీ ఇనుప దూలాలు ఉప్పు గాలికి తుప్పు పట్టి కనిపిస్తాయి. తెలంగాణలో నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో తీసిన ఉక్కు కత్తులకు ప్రసిద్ధి. 19వ శతాబ్దం మొదట్లో కూడా ఇస్ఫహాన్ వర్తకులు దానికోసం అక్కడి దాకా వచ్చేవారు. ఆ ఉక్కు గొప్పదనం పదునులో, గట్టిదనంలో ఉంది. తడిలో వదిలేస్తే అదీ తుప్పు పడుతుంది. పదునుకూ తుప్పు పట్టకపోవడానికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే సోషల్ మీడియాలో సగం గందరగోళం.

## చైనావాళ్లు మేకును కప్పెట్టిన తీరు

17 ఏళ్లు కుబ్లై కొలువులో గడిపాక పోలోలు తిరుగు ప్రయాణం సముద్రం మీద చేశారు. 1290ల మొదట్లో, మార్కో జైతూన్ అని పిలిచిన చ్వాన్‌జౌ రేవు నుంచి 14 ఓడల బృందం బయలుదేరింది. పర్షియా పాలకుడు అర్ఘూన్‌కు వధువుగా పంపుతున్న కోకెచిన్ రాకుమారి అందులో ఉంది. ఈసారి ఓడల గురించి మార్కో స్వరం వేరు. రెండు వరసల పలకలు, ఇనుప మేకులు, నాలుగు కొయ్యలు, 50, 60 గదులు. లోపల అడ్డుగోడలతో 13 అరలు. తిమింగలం గుద్ది ఒక అర చిల్లుపడినా నీరు పక్క అరలోకి పోదు. తారు దొరకదు కాబట్టి సున్నం, నరికిన జనపనార, ఒక చెట్టు నూనె కలిపి దంచి ఆ ముద్దను పూస్తారని రాశాడు.

ఈ వర్ణన అతిశయోక్తి కాదని 1974లో తేలింది. చ్వాన్‌జౌలో తవ్వి తీసిన 1270ల నాటి ఓడలో సరిగ్గా 12 అడ్డుగోడలు, 13 అరలు ఉన్నాయి. ఇనుప మేకులున్నాయి. సున్నం, నార, టుంగ్ చెట్టు గింజల నూనె కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి ఉన్నాయి.

ఆ ముద్ద చేసే పనిని తుప్పు రసాయనంతో కలిపి చూడాలి. మేకు తలను పలకలోకి లోతుగా దించి, పైన గుంతను ఈ ముద్దతో పూడ్చేవారు. టుంగ్ నూనె గాలికి ఆరి గట్టి పొరగా మారుతుంది. నీరు, ఆక్సిజన్ రెండూ తలకు అందవు. తల కాథోడ్‌గా పని చేయకపోతే లోపలి కాండం కరగడమూ తగ్గుతుంది. సున్నం క్షార గుణం ఉన్నది. క్షారంలో ఇనుము మీద రక్షణ పొర నిలకడగా ఉంటుంది. కాంక్రీటులో చువ్వలు దశాబ్దాల పాటు బాగుండటానికి కారణమూ అదే. అప్పటి వడ్రంగులకు ఆక్సిజన్ పేరు తెలియదు. ఏ ముద్ద వేస్తే మేకు మిగులుతుందో తెలుసు, అది చాలు. పైగా ఏటా మరమ్మతు అప్పుడు పాత పలకల మీదే కొత్త వరస కొడతారనీ, అలా ఆరు వరసల దాకా పోతారనీ మార్కో రాశాడు. పాత మేకు బలహీనపడ్డా కొత్త వరస మేకులు భారం మోస్తాయి. కలప, ఇనుము రెండూ ఇంట్లోనే పండే దేశానికి ఈ ఖర్చు సాధ్యం. హోర్ముజ్ వర్తకుడికి కాదు.

## మోటుపల్లి తీరంలో

మార్కో పుస్తకంలో ముత్‌ఫిలీ పేరుతో ఉన్నది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. అక్కడి వజ్రాలనూ, సాలెగూడులా సన్నని వస్త్రాలనూ మెచ్చుకుని, నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తున్న రాణి గురించి చెప్పాడు. ఆమె రుద్రమదేవి అన్నది చరిత్రకారుల మాట. రాజు చనిపోయాక పాలిస్తున్న భార్యగా ఆమెను రాయడం పొరపాటు. ఆమె గణపతిదేవుడి కూతురు. స్వయంగా వచ్చి చూశాడా, విన్నదే రాశాడా అన్నది ఇంకా చర్చలోనే ఉంది.

ఓడల విషయానికి మార్కో కంటే గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి అభయ శాసనం ఎక్కువ పనికొస్తుంది. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకునంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను మాత్రం ముప్ఫయ్యో వంతు సుంకమే తీసుకుంటాననీ అందులో హామీ ఇచ్చాడు. ఓడ దెబ్బతినడం ఎంత మామూలో, వర్తకులకు అది ఎంత భయమో ఈ ఒక్క శాసనం చెబుతుంది. తాడు తెగినా, మేకు విరిగినా వర్తకుడికి నష్టం ఒకటే. సముద్రం వదిలేసిన సరుకు రాజు చేతికి చిక్కకుండా ఉండటం ముఖ్యం.

ఈ తీరంలో కుట్టిన పడవలు చాలా కాలం బతికాయి. మద్రాసులో రేవు కట్టే దాకా పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకునూ, మనుషుల్నీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది మాసూలా పడవలు. లోపల గట్టి వాసాలు లేకుండా, పీచు తాడుతో మాత్రమే కుట్టిన ఈ పడవ అల దెబ్బకు వంగి మళ్లీ లేస్తుంది. ఐరోపా ఓడల చిన్న పడవలు ఆ అలల్లో పగిలిపోయేవి. ఆంధ్ర తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వలల్ని సముద్రంలోకి చేర్చడానికి 20వ శతాబ్దంలోనూ వీటిని వాడారు. ఇబన్ బతూతా చెప్పిన సాగే గుణానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## రాగి రేకు నేర్పిన పాఠం

1498 తర్వాత పోర్చుగీసు ఓడలు రావడంతో లెక్క మారింది. ఫిరంగి పేలితే వెనక్కి తన్నే దెబ్బకు కుట్టు ఆగదు. క్రమంగా పశ్చిమ తీరంలోని పెద్ద ఓడలు మేకుల వైపు మళ్లాయి. మేకుతో పాటు తుప్పు సమస్యా ఎక్కువైంది.

అది అసలు రూపం చూపించింది 18వ శతాబ్దంలో. చెక్కను తొలిచే సముద్రపు పురుగు బాధ తప్పించుకోవడానికి బ్రిటిష్ నౌకాదళం 1761లో ‘అలారం’ అనే యుద్ధనౌక అడుగుకు రాగి రేకులు కొట్టించింది. రెండేళ్లకు తనిఖీ చేస్తే పురుగు లేదు, రాగి బాగుంది, కానీ రాగికి తగిలిన ఇనుప మేకులు ఘోరంగా తినేసి ఉన్నాయి. కొన్ని చోట్ల మాత్రం ఇనుము చెక్కుచెదరలేదు. రేకులు చుట్టి వచ్చిన గోధుమ రంగు కాగితం ఆ చోట్ల రాగికీ ఇనుముకీ మధ్య ఉండిపోయింది. రెండు లోహాలు తగలకపోతే ఎలక్ట్రాన్లు పోవడానికి దారి లేదు. అప్పటికి బ్యాటరీ కూడా పుట్టలేదు కాబట్టి ఎవరికీ ఈ మాటల్లో అర్థం కాలేదు. చివరికి 1780ల్లో ఇనుప బోల్టులకు బదులు రాగి మిశ్రమపు బోల్టులకు మారారు.

ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లో ఇదే సూత్రాన్ని తిరగేశాడు. రాగి చెడిపోకుండా ఉండాలంటే, దానికంటే తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదిలే ఇనుమో జింకో ముక్కను తగిలిస్తే చాలు. ఆ ముక్క కరుగుతూ రాగిని కాపాడుతుంది. ప్రయోగం ఫలించింది, ఫలించి విఫలమైంది. కరగడం మానేసిన రాగి మీద గవ్వలూ నాచూ దట్టంగా పట్టి ఓడ వేగం పడిపోయింది. రాగి నుంచి కొద్దికొద్దిగా వదిలే విషమే అంతదాకా వాటిని దూరంగా ఉంచిందని అప్పుడు తెలిసింది.

చెక్క ఓడకు కుదరని ఆ ఉపాయం ఉక్కు ఓడకు బ్రహ్మాండంగా కుదిరింది. ఈ రోజు విశాఖ డ్రైడాక్‌కు ఎక్కే ఓడల అడుగున, తీరంలోని ఉక్కు ట్రాలర్ల అడుగున జింకు లేదా అల్యూమినియం దిమ్మెలు వరసగా బిగించి ఉంటాయి. ప్రొపెల్లర్ చుట్టూ ఇంకా ఎక్కువ. అది రాగి మిశ్రమంతో చేసింది. ‘అలారం’ ఓడ రాగి రేకులు మేకుల్ని తిన్నట్టే అది పక్కనున్న ఉక్కును తినగలదు. రెండు మూడేళ్లకోసారి ఈ దిమ్మెల్ని మారుస్తారు. రంగు వేసేటప్పుడు పొరపాటున వీటి మీద కూడా వేస్తే ఇక పని చేయవు. తీసి చూసినప్పుడు దిమ్మె సగానికి పైగా కరిగి ఉంటే అది తన పని చేసినట్టు. కొత్తదిలా మెరుస్తూ ఉంటేనే అనుమానించాలి: ఓడ ఉక్కుతో దానికి ఎక్కడో తగులు తప్పింది, తుప్పు ఓడ మీదే నడుస్తోంది.